కెనడా పీఆర్ వచ్చింది, లైసెన్స్ రాలేదు: నర్సు, ఇంజినీరు జంటకు ఏది ముందు, ఏది తర్వాత

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది ఆంధ్రప్రదేశ్‌లో బీఎస్సీ నర్సింగ్, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఐసీయూలో ఆరేళ్ల అనుభవం. పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద భర్తతో, పాపతో ఒంటారియో వచ్చి ఐదు నెలలైంది. విదేశీ డిగ్రీలను మదింపు చేసే డబ్ల్యూఈఎస్ సంస్థ రిపోర్టు చేతిలో ఉన్నా, ఏ హాస్పిటల్‌కు అప్లై చేసినా సీఎన్‌ఓ నంబరు, అంటే ఒంటారియో నర్సింగ్ లైసెన్స్ నంబరు అడుగుతున్నారు. మీ వారు సివిల్ ఇంజినీరు, 2012లో బీటెక్ అయింది, ఆయనదీ ఇదే పరిస్థితి. పీఎస్‌డబ్ల్యూ (పర్సనల్ సపోర్ట్ వర్కర్, అంటే వృద్ధులకు, రోగులకు రోజువారీ పనుల్లో సాయపడే ఉద్యోగం) కోర్సు చేసెయ్యమని కొందరు, ఆల్బర్టా ప్రావిన్స్‌కు వెళ్లిపొమ్మని కొందరు చెబుతున్నారు. ఏం చేయాలి?

నేను ఇక్కడే రిజిస్టర్డ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇండియా నుంచి వచ్చే నర్సులకు ఫైలు పెట్టుకోవడంలో ఏళ్ల తరబడి సాయం చేస్తున్నాను కాబట్టి మీ సంగతి కాస్త వివరంగా చెబుతాను. మీ వారి సంగతి నాకు తెలిసినంత మేరకు.

ముందుగా ఆ డబ్ల్యూఈఎస్ రిపోర్టు. అది వృథా కాలేదు, కానీ దాని పని అయిపోయింది. పీఆర్ ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో చదువుకు పాయింట్లు వేయడానికి ఇమిగ్రేషన్ శాఖ అడిగే కాగితం అది. మీ డిగ్రీ కెనడాలో ఏ డిగ్రీకి సమానమో చెప్పడంతో దాని బాధ్యత తీరిపోతుంది. మీరు రోగికి మందు ఇవ్వొచ్చా లేదా అన్నది తేల్చేది పూర్తిగా వేరేవాళ్లు. కెనడాలో దాదాపు ఐదో వంతు ఉద్యోగాలకు లైసెన్స్ కావాలి. ఆ లైసెన్స్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం కాదు, ఒక్కో ప్రావిన్స్‌లో చట్టం ద్వారా ఏర్పడిన నియంత్రణ సంస్థ. ఒంటారియోలో నర్సులకు అది కాలేజ్ ఆఫ్ నర్సెస్ ఆఫ్ ఒంటారియో, అంటే సీఎన్‌ఓ. ఇంజినీర్లకు ప్రొఫెషనల్ ఇంజినీర్స్ ఒంటారియో, అంటే పీఈఓ. పీఆర్ ఇచ్చినవాళ్లు వీళ్లను అడిగి ఇవ్వరు, వీళ్లు పీఆర్ చూసి లైసెన్స్ ఇవ్వరు. హాస్పిటల్ హెచ్‌ఆర్ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. మీకు ఐసీయూలో ఎంత అనుభవం ఉన్నా, ఆ నంబరు లేకుండా మిమ్మల్ని నర్సుగా పెట్టుకునే హక్కు వాళ్లకు లేదు.

ఇంకో చిన్న జాగ్రత్త. ఒంటారియోలో "నర్స్" అన్న హోదానే చట్టం కాపాడుతుంది. రెజ్యూమెలోనూ లింక్డ్‌ఇన్‌లోనూ ఉట్టినే "రిజిస్టర్డ్ నర్స్" అని పెట్టి ఉంటే ఇవాళే మార్చండి. నర్సింగ్ చదువు, అనుభవం ఇండియావని స్పష్టంగా తెలిసేలా రాసుకోండి, ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. మీ వారు కూడా పేరు పక్కన "ఇంజినీర్" అన్న మాటతో జాగ్రత్తగా ఉండాలి. ఫైలు పెట్టకముందే ఆ సంస్థ నుంచి హెచ్చరిక ఉత్తరం అందుకోవడం మంచి ఆరంభం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ఏ పరీక్ష రాయాలి, ఏ కోర్సు చేయాలి అని అడుగుతున్నారు. నేనైతే వేటికి గడువుందో, అందులో ఏది ముందు అయిపోతుందో చూడమంటాను. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. ఇమిగ్రేషన్ కోసం తీసుకున్న చదువు రిపోర్టు ఐదేళ్లు. నర్సుగా మీరు ఇటీవల పనిచేశారనడానికి సీఎన్‌ఓ చూసేది గత మూడేళ్లు. ఈ మూడోదే మీకు ప్రమాదం. ఇండియాలో ఆఖరి డ్యూటీ చేసిన రోజు నుంచే అది కరగడం మొదలైంది. "కాస్త సెటిలయ్యాక చూద్దాం" అనుకుని రెండేళ్లు ఆగినవాళ్లకు చదువు సరిపోయింది, పరీక్ష పాసయ్యారు, ఇటీవలి అనుభవం దగ్గర ఆగిపోయారు. ఇలాంటి ఫైళ్లు నేను చాలా చూశాను.

మీ వారికి ఆ బాధ అంతగా లేదు. ఇంజినీరు అనుభవం మొత్తంగా ఎన్నేళ్లో లెక్కలోకి వస్తుంది, అంత తొందరగా పాతబడదు. అందుకే ఇంట్లో ఇద్దరి ఫైళ్లూ ఒకేసారి నడిపించే స్తోమత, ఓపిక లేకపోతే మీది ముందు నడవాలి. ఆయన ముందు ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకుని ఇల్లు చూసుకుంటే, మీరు కాగితాల మీద, పరీక్ష మీద కూర్చోవచ్చు. చాలా ఇళ్లలో దీనికి రివర్స్‌లో జరుగుతుంది. మొగుడి కెరీర్ ముందు, పెళ్లాం పీఎస్‌డబ్ల్యూ. నాలుగేళ్ల తర్వాత చూస్తే ఆవిడ నర్సింగ్ లైసెన్స్ అవకాశమే చేజారిపోయి ఉంటుంది. ఇది ఇంటి విషయం, నేను చెప్పకూడదు కానీ చెప్పకుండా ఉండలేను.

ఇక కాగితాలు. అందరూ పరీక్షకే భయపడతారు గానీ నెలలు తినేది ఇండియా నుంచి రావాల్సిన కాగితాలే. మీరు స్కాన్ చేసి పంపినవి గానీ, మీ చేత్తో ఇచ్చినవి గానీ చెల్లవు. చదివిన కాలేజీ లేదా యూనివర్సిటీ నుంచి, మీ పేరు రిజిస్టరైన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి, పనిచేసిన హాస్పిటల్ నుంచి ఫారాలు నేరుగా వెళ్లాలి. కొందరు సర్టిఫికెట్లన్నిటికీ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించుకుని ధీమాగా వస్తారు. ముద్రలు ఎన్ని ఉన్నా, కవరు మీ చేతుల మీదుగా వెళ్తే దాన్ని పక్కన పెట్టేస్తారు.

కాలేజీ నింపాల్సిన ఫారంలో థియరీ గంటలు, క్లినికల్ గంటలు సబ్జెక్టువారీగా అడుగుతారు. మెడికల్ సర్జికల్ ఎన్ని, పిల్లల విభాగం ఎన్ని, ప్రసూతి ఎన్ని, మానసిక ఆరోగ్యం ఎన్ని, కమ్యూనిటీ ఎన్ని అన్నట్టు. కాలేజీ ఆఫీసులో ఉన్న గుమాస్తాకు ఇది కొత్త ఫారం. తొందరలో "సిలబస్ ప్రకారం" అని రాసి సంతకం పెట్టేస్తారు, లేదా మొత్తం గంటలు ఒక్క గడిలో వేస్తారు. అలా వచ్చిన ఫారాన్ని చూసి ఇక్కడివాళ్లు మీరు మానసిక ఆరోగ్యం చదవలేదనుకుంటారు. అందుకే మీ బ్యాచ్ సిలబస్, క్లినికల్ రొటేషన్ వివరాలు దగ్గర పెట్టుకుని, ఏ గడిలో ఏ గంటలు రావాలో ఒక కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కు పంపండి. నింపేది వాళ్లే, ముద్ర వాళ్లదే. వాళ్ల రికార్డుతో సరిచూసుకోవడానికి మీ కాగితం పనికొస్తుంది. అక్కడ అమ్మానాన్నలు గానీ, తమ్ముడు గానీ, క్లాస్‌మేట్ గానీ ఎవరో ఒకరు కౌంటర్ దగ్గర నిలబడి అడగాల్సిందే. ఈమెయిల్‌కు జవాబు వస్తుందని కూర్చుంటే పండగలు వచ్చి వెళ్లిపోతాయి.

మన రాష్ట్రాల వాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కులున్నాయి. హెల్త్ యూనివర్సిటీ పేరు విజయవాడలో 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. తెలంగాణ కాలేజీలు రాష్ట్రం విడిపోయాక వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ కిందికి వెళ్లాయి. మీ డిగ్రీ మీద ఒక పేరు, ఇవాళ వెళ్లే ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఇంకో పేరు ఉంటే చూసేవాడికి అవి రెండు వేర్వేరు యూనివర్సిటీలు. పేరు మాత్రమే మారిన చోట, కవరుతో పాటు యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద "రెండూ ఒకటే" అని రెండు ముక్కలు రాయించి పెడితే గొడవ ఉండదు. అలాగే 2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైన నర్సులు, ఇప్పుడు తమ పేరు ఏ కౌన్సిల్ రికార్డులో ఉందో, రెన్యువల్ అయి ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. మీరు హైదరాబాద్‌లో పనిచేశారు కాబట్టి తెలంగాణలో కూడా రిజిస్టరై ఉంటే, రెండు కౌన్సిళ్ల నుంచీ ధ్రువీకరణ అడుగుతారు. పనిచేసిన ప్రతి చోటి రిజిస్ట్రేషనూ చెప్పాలి, పాతదే కదా అని దాచకూడదు.

పేర్ల సంగతి ఇంకా పెద్దది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం, డిగ్రీలో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంకేదో, పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు. మనకు ఇందులో వింతేమీ కనిపించదు. ఇక్కడ ఫైలు చూసే మనిషికి మాత్రం నలుగురు మనుషులు కనిపిస్తారు. పేరు ఎక్కడెక్కడ ఎలా ఉందో ఒక పట్టిక రాసుకోండి. పెళ్లి సర్టిఫికెట్ వల్ల తీరే తేడాలు దానితో తీర్చండి. మిగిలినవాటికి ఇక్కడే నోటరీ దగ్గర స్టాట్యుటరీ డిక్లరేషన్ (ప్రమాణ పత్రం) చేయించండి. ఇండియా కాగితాలు పంపే ముందే అన్ని సంస్థలకూ ఒకటే పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇచ్చి దానికింద "చదువుకున్నప్పటి పేరు" అని రాయమనండి. ఫైళ్లు మొదటిసారి వెనక్కి రావడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.

హాస్పిటల్ లెటర్ విషయంలో కూడా అంతే. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు స్టాఫ్ నర్సుగా పనిచేశారు, ప్రవర్తన బాగుంది" అన్న నాలుగు లైన్ల ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఎన్ని గంటలు, ఏ విభాగం, ఏ పనులు, పూర్తి సమయమా కాదా, ఆఖరి రోజు ఏది అన్నవి కావాలి. నర్సింగ్ సూపరింటెండెంట్ మారేలోపు, మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు అక్కడ ఉండగానే రాయించుకోండి.

ఫైలు ఎక్కడ పెట్టాలి? 2014 నుంచి క్యూబెక్ తప్ప మిగతా ప్రావిన్సుల్లో విదేశీ నర్సుల చదువు పరిశీలన ఎన్‌ఎన్‌ఏఎస్ అనే సంస్థ ద్వారా నడిచింది. ఇప్పుడు కొన్ని ప్రావిన్సులు దాన్ని దాటి నేరుగా తీసుకుంటున్నాయి, నిబంధనలు తరచూ మారుతున్నాయి. మూడేళ్ల క్రితం పాసైన స్నేహితురాలు చెప్పిన దారి ఇవాళ ఉండకపోవచ్చు. అందుకే ఎవరికైనా డబ్బు కట్టే ముందు సీఎన్‌ఓ వెబ్‌సైట్‌లో విదేశాల్లో చదివినవారి పేజీ మొదటి నుంచి చివరి వరకూ చదవండి. యూట్యూబ్ వీడియో దాని తర్వాతే. ఇతర వృత్తుల వాళ్లు తమ నియంత్రణ సంస్థ ఏదో తెలియకపోతే సీఐసీఐసీ అనే కెనడా కేంద్రం వెబ్‌సైట్‌లో వృత్తి పేరు, ప్రావిన్స్ పేరు కొట్టి చూసుకోవచ్చు.

అప్లికేషన్‌లో ఆర్‌ఎన్‌కు (రిజిస్టర్డ్ నర్సు) మాత్రమే కాకుండా ఆర్‌పీఎన్‌కు కూడా పెట్టమంటాను. ఆర్‌పీఎన్ అంటే ప్రాక్టికల్ నర్సు, వేరే ప్రావిన్సుల్లో ఎల్‌పీఎన్ అంటారు. మీ బీఎస్సీకి ఆర్‌ఎన్ దారి ఉంది, కానీ అందులో ఏదైనా లోటు చూపిస్తే అది పూరించుకునేలోపు ఆర్‌పీఎన్‌గా పనిచేసుకోవచ్చు. అది కూడా లైసెన్స్ ఉన్న నర్సింగే, అనుభవం ఆగిపోదు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లకు చాలాసార్లు ఇదే ముందు తెరుచుకుంటూ వచ్చిన దారి. కొందరు దీన్ని చిన్నతనంగా అనుకుంటారు. నాకైతే అందులో చిన్నతనం కనిపించదు.

ఇంగ్లిష్ పరీక్ష దగ్గర చాలామంది డబ్బు రెండుసార్లు కడతారు. పీఆర్ కోసం మీరు రాసింది ఐఈఎల్‌టీఎస్ జనరల్. నర్సింగ్ సంస్థలు ఎక్కువగా అడుగుతూ వచ్చింది అకడమిక్, లేదా నర్సుల కోసమే ఉన్న సెల్బాన్. జనరల్ స్కోరు ఇక్కడ పనికొస్తుందో లేదో ముందు కనుక్కోండి. మళ్లీ ఫీజు కట్టే ముందు మీ నర్సింగ్ చదువు పూర్తిగా ఇంగ్లిష్‌లో జరిగిందన్న రుజువుతో పని అవుతుందేమో సీఎన్‌ఓను రాతపూర్వకంగా అడగండి. పరీక్ష తప్పదంటే, మిగతా కాగితాలు చేరాక రాయండి. ముందే రాసి కూర్చుంటే ఫైలు కదిలేలోపు ఆ రెండేళ్లూ అయిపోతాయి.

ఆర్‌ఎన్ పరీక్ష ఎన్‌క్లెక్స్. 2015 నుంచి కెనడాలో ఇదే, క్యూబెక్ కూడా 2024లో దీనికే మారింది. ఆర్‌పీఎన్‌కు ఒంటారియోలో రెక్స్ పీఎన్ అనే పరీక్ష ఉంది. ఎన్‌క్లెక్స్‌లో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, ఐదు గంటల సమయం. మీరు సరిగ్గా రాస్తున్నకొద్దీ కంప్యూటర్ కష్టమైనవి ఇస్తుంది కాబట్టి అన్నీ కష్టంగా అనిపిస్తే టెన్షన్ పడకండి, అది మంచి సూచనే. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు వచ్చాయి. ఒక రోగి చార్టు, ల్యాబ్ రిపోర్టులు ఇచ్చి, ఏది ముందు గమనించాలి, ఎవరికి చెప్పాలి, ఏం చేయాలి అని వరుసగా అడుగుతారు. ఐసీయూలో చేసినవాళ్లకు జబ్బులు, మందులు కొట్టినపిండి. మనవాళ్లు తడబడేది ఇంకో చోట. డాక్టర్ ఆర్డర్ కోసం ఎదురుచూడకుండా నర్సు తనంతట తాను తీసుకోవాల్సిన నిర్ణయం, రోగి వద్దంటే ఆగడం, కుటుంబానికి ఏం చెప్పాలి ఏం చెప్పకూడదు, పని ఎవరికి అప్పగించొచ్చు అన్న ప్రశ్నలు. అక్కడ మన అలవాటు ప్రకారం జవాబు పెడితే తప్పవుతుంది. ప్రాక్టీస్ ప్రశ్నల్లో ఎక్కువ సమయం వీటి మీదే పెట్టండి. ఇది కాక ఒంటారియో చట్టాలు, ప్రమాణాల మీద జూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష ఒకటి ఉంటుంది. సీఎన్‌ఓ వెబ్‌సైట్‌లోని ప్రాక్టీస్ స్టాండర్డ్స్ చదివితే దానికే కాదు, ఎన్‌క్లెక్స్‌లో ఈ ప్రశ్నలకు కూడా పనికొస్తుంది.

ఇప్పుడు పీఎస్‌డబ్ల్యూ. నేను వద్దని అననండి. అద్దె కట్టాలి, పాపకు డేకేర్ కట్టాలి, ఇక్కడి లాంగ్ టర్మ్ కేర్ ఎలా నడుస్తుందో తెలుస్తుంది. కానీ రెండు సంగతులు తెలుసుకుని చేయండి. ఒకటి, ఆ గంటలు నర్సింగ్ ప్రాక్టీసుగా లెక్కలోకి రావు. ఆ మూడేళ్ల లెక్క మీరు పీఎస్‌డబ్ల్యూగా పనిచేస్తున్నంతసేపూ కరుగుతూనే ఉంటుంది. రెండు, పెద్ద ఫీజు కట్టి నెలల కోర్సు చేసేముందు, మీలాంటివాళ్లను హాస్పిటళ్లు ఎక్స్‌టర్న్‌లుగా తీసుకుంటున్నాయేమో చూడండి. ఒంటారియోలో నర్సింగ్ విద్యార్థులతో పాటు విదేశాల్లో చదివిన నర్సులను కూడా, లైసెన్స్ రాకముందే, రిజిస్టర్డ్ సిబ్బంది పర్యవేక్షణలో పనిచేయించే ఎక్స్‌టర్న్ ఉద్యోగాలు ఉన్నాయి. వార్డులో ఉంటారు, మేనేజర్ మిమ్మల్ని చూస్తారు, రేపు లైసెన్స్ వచ్చాక ఉద్యోగం ఎక్కడో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

దీనికంటే విలువైనది సూపర్వైజ్డ్ ప్రాక్టీస్ ఎక్స్‌పీరియెన్స్ పార్ట్‌నర్‌షిప్. 2022 జనవరిలో మొదలైంది. మిగతావి కుదిరి, ఇటీవలి ప్రాక్టీసు రుజువు గానీ ఇంగ్లిష్ రుజువు గానీ మిగిలిపోయినవాళ్లు, ఒక హాస్పిటల్‌లోనో కేర్ హోమ్‌లోనో ప్రిసెప్టర్ (పని నేర్పే సీనియర్ నర్సు) కింద కనీసం 140 గంటలు చేస్తే ఆ లోటు తీరుతుంది. సీఎన్‌ఓ నుంచి "మీకు ఇది అర్హత" అన్న సమాచారం వచ్చాకే ఇది దొరుకుతుంది కాబట్టి, మళ్లీ అదే మాట, ముందు ఫైలు పెట్టి ఉండాలి. పరీక్ష ఒక్కటే మిగిలి, ఉద్యోగ ఆఫర్ ఉంటే టెంపరరీ క్లాస్ రిజిస్ట్రేషన్ కూడా అడగొచ్చు. పరిమితులతో, పర్యవేక్షణలో, కానీ నర్సుగానే పనిచేయొచ్చు. ఇవన్నీ ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. టొరంటోలోని కేర్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్లీ ఎడ్యుకేటెడ్ నర్సెస్ వాళ్లకు ఈ దారులన్నీ కంఠతా వచ్చు, వాళ్ల దగ్గర పేరు నమోదు చేసుకోండి.

ఆల్బర్టా వెళ్లాలా? లైసెన్స్ కోసమే సామాను సర్దనక్కర్లేదు. కెనడా ఫ్రీ ట్రేడ్ అగ్రిమెంట్ ప్రకారం ఒక ప్రావిన్స్‌లో లైసెన్స్ వచ్చినవారిని వేరే ప్రావిన్స్ సంస్థ మళ్లీ మొదటి నుంచి పరీక్షించకూడదు. కొన్ని మినహాయింపులు తప్ప ఉన్న లైసెన్స్‌ను గుర్తించాలి. ఒంటారియో 2023లో ఇంకో అడుగు వేసి, వేరే ప్రావిన్స్‌లో రిజిస్టరైన నర్సులు ఇక్కడి రిజిస్ట్రేషన్ పూర్తి కాకముందే పని మొదలుపెట్టే వీలు కల్పించింది. అంటే మీరు ఉంటున్న చోటే ఫైలు పెట్టాలన్న నియమమేమీ లేదు. నోవా స్కోషియా 2023లో ఇండియాతో సహా ఏడు దేశాల్లో రిజిస్టరైన నర్సులకు దారి బాగా తగ్గించింది. ఈ దారులు ఇవాళ ఎలా ఉన్నాయో చూసి, మీకు సరిపోతే అక్కడ లైసెన్స్ తెచ్చుకుని ఒంటారియోకు మార్చుకోవచ్చు. దీనికీ ఫీజులు రెండుసార్లు పడతాయి, లెక్క వేసుకోండి. క్యూబెక్ మాత్రం ఫ్రెంచ్ రాకపోతే ఆలోచించకండి.

మీ వారి విషయం. ఇంజినీర్లకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. పీ.ఇంజ్ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్స్ లేకపోయినా, లైసెన్స్ ఉన్న ఇంజినీరు బాధ్యత కింద డిజైన్ పని చేయొచ్చు. సంతకం, సీలు ఆయనవి. కాబట్టి ఉద్యోగం కోసం లైసెన్స్ దాకా ఆగాల్సిన పని లేదు. ఎస్టిమేటర్, ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, స్ట్రక్చరల్ డిజైనర్, సైట్ ఇన్‌స్పెక్టర్ లాంటి పోస్టులకు ఇప్పుడే అప్లై చేయాలి. అక్కడ అడిగేది ఇక్కడి కోడ్లు. ఇండియా కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 నోటికి వచ్చినవాడికి కాంక్రీట్‌కు సీఎస్‌ఏ ఏ23.3, స్టీల్‌కు సీఎస్‌ఏ ఎస్16 పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టదు. మంచు భారం, నేల గడ్డకట్టే లోతు మాత్రం కొత్త పాఠాలు.

పీఈఓ 2023 మే నెలలో ఏడాది కెనడా అనుభవం ఉండాలన్న షరతు తీసేసింది. ఇంజినీరింగ్ అనుభవం 48 నెలలు కావాలి, అది ఇండియాదైనా సరే. అయితే ఆ అనుభవాన్ని 34 సామర్థ్యాల కింద ఉదాహరణలతో రాయాలి, ఒక్కోదాన్నీ మీ పని తెలిసిన మనిషి ధ్రువీకరించాలి. మనవాళ్లు ఇక్కడ "మా టీమ్ ఫ్లైఓవర్ కట్టింది" అని రాస్తారు. వాళ్లకు కావాల్సింది ఆ ఫ్లైఓవర్‌లో ఆయన ఏ లెక్క వేశారు, ఏ ప్రత్యామ్నాయాన్ని ఎందుకు వద్దన్నారు, తప్పు ఎక్కడ పట్టుకున్నారు అన్నది. పాత బాస్‌లు రిటైరై ఫోన్ నంబర్లు మార్చేలోపు వాళ్లను కలుపుకోవాలి. ఈ రాత పని సాయంత్రాలు కూర్చుని నెమ్మదిగా చేసుకోవచ్చు. ఇది కాక వృత్తి చట్టం, నైతికత మీద ఎన్‌పీపీఈ అనే పరీక్ష ఉంటుంది.

ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డ్ ఒప్పందంలో ఇండియా ఉంది కదా, పరీక్షలు ఉండవు కదా అని ఆయన అంటారేమో. ఇండియా తరఫున, కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ పూర్తి సభ్యత్వం పొందింది 2014 జూన్‌లో. అదీ టైర్ 1 కింద అక్రెడిటేషన్ ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే మామూలు కాలేజీలు ఎక్కువగా టైర్ 2 కిందికి వస్తాయి. 2012లో పాసైన డిగ్రీకి ఆ మాట చెల్లదు, కాబట్టి టెక్నికల్ పరీక్షలు రాయాల్సి వస్తుందనుకునే సిద్ధపడటం మంచిది.

ఇదే ప్రశ్నతో నన్ను అడిగే ఇతర వృత్తుల వాళ్లకు ఒక్కో మాట. ఫార్మసిస్టులకు ముందు ఫార్మసీ పరీక్షల బోర్డు పీఈబీసీలో కాగితాల పరిశీలన, ఆ తర్వాత ఎవాల్యుయేటింగ్, క్వాలిఫైయింగ్ పరీక్షలు, ఆపైన ప్రావిన్స్ షరతులు. టీచర్లకు బీఎడ్ లేకపోతే ఒంటారియోలో స్కూల్ లైసెన్స్ ఆశ పెట్టుకోవద్దు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఉద్యోగానికి లైసెన్స్ అక్కర్లేదు. డాక్టర్లది అన్నిటికంటే కష్టమైన దారి. వైద్య జ్ఞానం చూసే ఎంసీసీక్యూఈ మొదటి భాగం, క్లినికల్ నైపుణ్యం చూసే నాక్ పరీక్ష పాసైనా, సీట్లు కేటాయించే క్యార్మ్స్ ద్వారా రెసిడెన్సీ (హాస్పిటల్ శిక్షణ) సీటు దొరకడం దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే విదేశీ డాక్టర్లకు ఉన్న సీట్లు తక్కువ. ఎంసీసీక్యూఈ రెండో భాగం 2021లోనే తీసేశారు, దానికి ఇంకా కోచింగ్ అమ్మేవాళ్లుంటే దండం పెట్టి వచ్చేయండి. ఇప్పటికే స్వతంత్రంగా ప్రాక్టీసు చేసిన అనుభవం ఉన్న డాక్టర్లు రెసిడెన్సీ లేకుండా వెళ్లే ప్రాక్టీస్ రెడీ అసెస్‌మెంట్ దారిని ముందు చూసుకోవాలి.

ఫైలు పెట్టాక వచ్చే ఉత్తరం గురించి. మొదటి ఉత్తరంలో "మీరు ఇంకా ఈ షరతు తీర్చలేదు" అని ఉంటుంది. దాన్ని చూసి ఏడ్చి ఫైలు మూసేసినవాళ్లు నాకు తెలుసు. అది తిరస్కారం కాదు. ఏది లోటో, దాన్ని ఏయే విధాలుగా తీర్చొచ్చో చెప్పే కాగితం. నెమ్మదిగా చదివి, లోటు నిజంగా మీ చదువులో ఉందా, లేక మీ కాలేజీ ఫారం సరిగ్గా నింపకపోవడంలో ఉందా చూడండి. రెండోదే అయితే సిలబస్ జతచేసి మళ్లీ పంపిస్తే చాలాసార్లు సరిపోతుంది. నిజమైన తిరస్కారం రిజిస్ట్రేషన్ కమిటీ నిర్ణయంగా వస్తుంది. అప్పుడు ఒంటారియోలో ఆరోగ్య వృత్తుల వాళ్లు హెచ్‌పార్బ్ అనే స్వతంత్ర బోర్డుకు 30 రోజుల్లోపు పునఃపరిశీలన కోరొచ్చు. ఆ గడువు దాటనివ్వకండి. సంస్థల తీరు న్యాయంగా ఉందో లేదో చూడటానికి 2006 చట్టం కింద ఏర్పడిన ఫెయిర్‌నెస్ కమిషనర్ ఆఫీసు కూడా ఉంది, కానీ అది మీ ఒక్కరి కేసు తీర్పు చెప్పదు.

డబ్బు గురించి కూడా ఒక మాట. లైసెన్స్ గ్యారంటీ అని ప్యాకేజీ అమ్మేవాళ్లకు రూపాయి ఇవ్వకండి. ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌కు ఉన్న లైసెన్స్ ఇమిగ్రేషన్ పనికే, సీఎన్‌ఓ దగ్గర అతని మాటకు విలువేమీ లేదు. ఫీజులు, కోర్సులు భారమైతే విండ్‌మిల్ మైక్రోలెండింగ్ అనే స్వచ్ఛంద సంస్థ, వలస వచ్చిన వృత్తి నిపుణులకు ఇలాంటి ఖర్చులకే తక్కువ వడ్డీతో అప్పు ఇస్తుంది. క్రెడిట్ కార్డు మీద గీకేకంటే అది నయం.

ఈ వారంలో చేయాల్సినవి చెబుతాను. సీఎన్‌ఓ పేజీ చదివి ఆర్‌ఎన్, ఆర్‌పీఎన్ రెండింటికీ ఫైలు తెరవండి. మీ ఆఖరి డ్యూటీ తేదీ చూసుకుని దానికి మూడేళ్లు కలిపి క్యాలెండర్‌లో రాసుకోండి. కాలేజీకి, కౌన్సిల్‌కు వెళ్లగలిగేవారు ఇంట్లో ఎవరో తేల్చుకుని వాళ్లకు అధికార పత్రం రాసి పంపండి. మీ వారు తన పాత ప్రాజెక్టుల జాబితా, ఒక్కోదానికి ధ్రువీకరించగల మనిషి పేరు రాయడం మొదలుపెట్టాలి. మీరు చదివింది తెలుగు రాష్ట్రాల్లో ఏ కాలేజీయో, ఏ ఏడాదిలో పాసయ్యారో, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒకటా రెండా అన్నది చెబితే, ఏ ఫారం ఎవరితో నింపించాలో ఇంకాస్త స్పష్టంగా చెప్పగలను.